కూర్చునే మట్టం

మోకాలి ఆపరేషన్ అయిన మూడో నెలలో మా వదినగారు ఫోన్ చేసి, తమ ఇంటి ముందు ఆవరణను బాగుచేసి పెట్టమన్నారు. ఆవిడ మావారి అక్కగారు. పామర్రులో చాలాకాలం పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను విజయవాడలో సివిల్ ఇంజనీరును. కొత్త ఇళ్ళు కట్టడం కంటే, ఉన్న ఇళ్ళను వాటిలో ఉండేవారికి అనువుగా మార్చడమే నా పనిలో ఎక్కువ భాగం.

"వానొస్తే వాకిలంతా బురదే అమ్మాయ్. చెప్పు జారిందంటే ఆ రెండో మోకాలు కూడా డాక్టరు గారికి సమర్పించుకోవాల్సిందే. నువ్వొచ్చి ఏదో ఒకటి చెయ్యి" అన్నారు.

ఆ శనివారమే వెళ్ళి కొలతలు తీసుకున్నాను. ఆవరణ పొడవు ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు ఆరు మీటర్ల నలభై. వసారాలోకి మూడు మెట్లు. వాటి ఎత్తులు వరసగా పన్నెండు, పద్నాలుగు, పంతొమ్మిది సెంటీమీటర్లు. ఒకే వరసలోని మెట్లు ఒకే ఎత్తులో లేకపోతే ఆరోగ్యంగా ఉన్న కాలు కూడా తడబడుతుంది. నేల మా డెల్టా నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా ఏది పరిచినా రెండేళ్ళలో వంకర పోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంటివారిని అడగవలసిన ప్రశ్నల జాబితా ఒకటి నా దగ్గర ఉంటుంది. ఎవరు వాడతారు, ఏ వేళలో, ఎంతమంది, కూర్చోవడానికా, నడవడానికా? వదినగారు అన్నిటికీ చక్కగా జవాబు చెప్పారు. జారకూడదు. నీడ ఉండాలి. సాయంత్రం పడమటి ఎండ మొహాన కొట్టకూడదు. పాతిక మంది దాకా పట్టాలి.

"అంతమంది ఎవరొస్తారు వదినా?"

"వచ్చేవాళ్ళు వస్తార్లే, రాసుకో."

నేను 'అతిథులు, ఇరవై ఐదు' అని రాసుకున్నాను. ఆ జవాబు దగ్గర ఆగి రెండో ప్రశ్న అడగకపోవడం నేను చేసిన తప్పు.

వారంలో నమూనా తయారుచేశాను. నేలంతా ఒకే మట్టంలో, జారని పలకలు. మెట్లన్నీ పదిహేను సెంటీమీటర్ల ఎత్తు, పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. పైన తేలికపాటి రేకుల కప్పు, పడమటి వైపు చుట్టి పైకి కట్టుకునే వెదురు తెరలు. గోడల వెంట మూడు రాతి బెంచీలు. ఫోన్లో బొమ్మ చూపిస్తే వదినగారు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "బాగుందమ్మాయ్, టౌన్లో హోటల్లా ఉంది" అన్నారు. మా అత్తవారింట్లో అది మెప్పు కాదని పెళ్ళయిన ఇన్నేళ్ళకైనా నాకు తెలిసి ఉండవలసింది.

మేస్త్రీ వచ్చి రెండడుగుల లోతున నల్లమట్టి తీయించాడు. గోతిలో పొరలు పొరలుగా ఇసుక పోసి, నీళ్ళు పెట్టి కుదించే పని జరుగుతుండగా ఒక బుధవారం నేనక్కడ ఉన్నాను. మధ్యాహ్నం నాలుగింటికి వదినగారు తెల్లచీర కట్టుకుని, కీర్తనల పుస్తకం చేతికి తీసుకున్నారు. "స్త్రీల సమాజం ప్రార్థన కూటం ఉంది, రెండు వీధుల అవతల. చెయ్యి పట్టుకుని నడిపిద్దువుగాని, రా" అన్నారు.

ఆపరేషన్ దాకా ఆ కూటం ప్రతి బుధవారం వదినగారింట్లోనే, అదే ఆవరణలో చాపలు పరిచి జరిగేదని దారిలో చెప్పారు. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు దాన్ని పెద్ద హాలున్న ఇంకొకరింటికి మార్చారు. ఆ ఇంటావిడ భారీ మనిషి, మాట కూడా అంతే ధాటి. మమ్మల్ని చూడగానే, "వందనాలు టీచరమ్మా! దొరసాని గారికి కుర్చీ తెండే ఎవరైనా" అని కేకేశారు. అందరూ నవ్వారు. వదినగారూ నవ్వారు. గుమ్మం పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

నేను చాప మీద కూర్చుని చూశాను. ఇరవై మందికి పైగా స్త్రీలు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. పాటల మధ్య మాటలన్నీ చాప మట్టంలోనే సాగుతున్నాయి. ఒకావిడ కూతురి కాన్పు కబురు చెవిలో చెబితే పక్కావిడ నవ్వి తొడ మీద కొట్టింది. ఒక పసిపిల్ల ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి పాకుతూ పోయింది. ఆ మాటలు కుర్చీ దాకా అందడం లేదు. "ఏంటంట? ఏంటంటున్నావే?" అని వదినగారు రెండుసార్లు ముందుకు వంగారు. మూడోసారి వంగలేదు. ప్రార్థనలో ఒకరి చేతులొకరు పట్టుకున్నప్పుడు ఆవిడ చేతులు ఆవిడ ఒడిలోనే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాను. "ఆవరణ పూర్తవుతోందిగా వదినా, కూటం మళ్ళీ మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకుని? నా ఇంట్లో నేనే సింహాసనం ఎక్కి కూర్చోనా?"

"అందరికీ కుర్చీలు వేద్దాం."

"అందరూ కుర్చీల్లో కూర్చుంటే అది కూటం కాదమ్మాయ్, మీటింగు. చంటిపిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు?" వీధి మలుపు తిరిగాక మళ్ళీ అన్నారు. "మా నాన్న ఆసామి గారి అరుగు ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు. నన్ను చదివించింది నేనలా నిలబడకూడదని. ఇప్పుడు నా తోటివాళ్ళంతా కింద కూర్చుంటే నేను పైన కూర్చుని ప్రార్థన చెయ్యాలా? నావల్ల కాదు. వచ్చే నెల నించి మానేద్దామనుకుంటున్నాను."

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కూటాన్ని నడిపిన మనిషి మాట అది. ప్రశ్నల జాబితాలో నేను 'అతిథులు' అని రాసుకున్నది ఎవరినో అప్పుడు అర్థమైంది. నేను వేసిన మూడు బెంచీలూ ఆవిడను ఆ ఎర్ర కుర్చీలోనే మళ్ళీ కూర్చోబెడతాయి. కాకపోతే రాతి కుర్చీలో.

ఆ సాయంత్రం వసారాలో టేపు పట్టుకుని కూర్చున్నాను. కుర్చీలో వదినగారి కళ్ళు నేల నుంచి నూట పదహారు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. చాప మీద కూర్చున్న నా కళ్ళు డెబ్భై రెండు దగ్గర. మా ఇద్దరి ఒడ్డూ పొడుగూ ఇంచుమించు ఒకటే. తేడా నలభై నాలుగు; సరిగ్గా కుర్చీ ఎత్తు. డాక్టరు ఆవిడను అంతకంటే కిందకు కూర్చోవద్దన్నారు కాబట్టి కుర్చీని దించలేను. కానీ మిగిలినవారి నేలను పైకి తేగలను. ఆవరణలో కుర్చీ ఎత్తున ఒక విశాలమైన అరుగు కట్టి, దాని మీద చాపలు పరిస్తే, వదినగారు అంచున కాళ్ళు కిందకు పెట్టుకుని అందరితో పాటు ఒకే మట్టంలో కూర్చోవచ్చు.

మర్నాడు మేస్త్రీకి కొత్త గీతలు చూపించాను. అతను తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నిన్నటిదాకా చదును చదునన్నారు. ఇయ్యాల అరుగంటున్నారు. రేపు మేడంటారేమోనండీ మేడమ్ గారూ!"

"మేడ అడగను. అరుగు ఎత్తు మాత్రం నలభై నాలుగు సెంటీమీటర్లు, పలకలు పరిచాక."

"అడుగున్నర అనండి, సరిపోద్ది. సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుద్దండీ?"

"ఆవిడ లేవలేరు."

నా లెక్క మీద నాకే పూర్తి నమ్మకం లేదు గనక పరీక్ష పెట్టాం. ఇటుకలు పేర్చి, పైన సెంట్రింగు చెక్క వేసి, మూడు ఎత్తుల్లో వదినగారిని కూర్చోబెట్టి లేపాం. నలభైలో రెండు చేతులూ ఊతం కావలసి వచ్చింది. నలభై ఎనిమిదిలో లేవడం తేలికే గాని మడమలు నేలకు ఆనలేదు, చెక్క అంచు తొడ కింద ఒత్తుకుంది. నలభై నాలుగులో ఒక్క చేతి ఆసరాతో లేచారు.

"టీచరమ్మ గారికి పబ్లిక్ పరీక్షండీ" అన్నాడు మేస్త్రీ.

"ఎంతమంది పిల్లల్ని బెంచీలెక్కించానో! ఆ ఉసురు ఊరికే పోద్దా నాయనా?" అన్నారు వదినగారు. పని మొదలయ్యాక ఆవిడ గొంతులో ఆ కొంటెతనం వినడం అదే మొదటిసారి.

ఆ పరీక్షలోనే ఇంకొక సంగతి తెలిసింది. కూర్చున్న మనిషి లేవాలంటే ముందుగా పాదాలు వెనక్కి, ఒంటి బరువు కిందకు రావాలి. అరుగు గోడ నిటారుగా ఉంటే మడమలు గోడకు తగిలి ఆగిపోతాయి. అందుకని అంచు రాయిని గోడ కంటే పది సెంటీమీటర్లు ముందుకు చాపించి, కింద మడమలకు చోటు వదిలాను. రాయి అంచును గుండ్రంగా నూరించాను. మిగిలినవారు ఎక్కడానికి వెనక వైపు మెట్లు. గేటు నుంచి అంచు వెంట వసారా దాకా మీటరున్నర వెడల్పు నడకదారి. అంచుకు ఎడమ కొనలో, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఒక స్టీలు గుంజ. అరుగు నాలుగు మీటర్ల ఎనభై పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. మనిషికి ముప్పావు చదరపు మీటరు చొప్పున ఇరవై ఐదు మందికి సరిపోతుంది.

పలకలు పరిచిన రోజు మేస్త్రీ రసమట్టం పెట్టి చూసి, నన్ను పిలిచి, టేపు నా చేతికే ఇచ్చాడు. నలభై నాలుగు. "సెంటీమీటరు కాదండీ, నూలుపోగు కూడా తేడా లేదు" అన్నాడు. నిజానికి కుడి కొనన మూడు మిల్లీమీటర్లు తక్కువ. టేపు చుట్టి అతని చేతికిచ్చేశాను.

కూటం తిరిగి వచ్చిన బుధవారం నేను సెలవు పెట్టి వెళ్ళాను. వెదురు తెరలు దించితే ఎండ సన్నటి గీతలుగా అరుగు మీద పడింది. రేకుల కప్పు కింద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అన్నయ్యగారు, అంటే వదినగారి భర్త, చాపలు పరిచి, ఆడవాళ్ళ కూటంలో తనకేం పనంటూ బజారుకు వెళ్ళిపోయారు. వదినగారు గేటు దగ్గర నిలబడి వచ్చినవారికల్లా వందనాలు చెబుతున్నారు. ముందుగా వచ్చింది ఆ హాలున్న ఇంటావిడే. అరుగును అటు నుంచి ఇటు చూసి, మెట్ల వైపు వెళ్ళకుండా అంచు మీద బరువుగా కూర్చుని, కాళ్ళు చాపి, "అమ్మయ్య" అన్నారు.

ఆవిడ పక్కన ఇంకొకావిడ కూర్చున్నారు. తరువాత ఇద్దరు. అయిదు నిమిషాల్లో అంచంతా నిండిపోయింది. నేను లెక్కపెట్టాను: ఎనిమిది మంది. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నవారంతా పడుచువాళ్ళూ, పిల్లతల్లులూ. ఇన్ని నెలలూ ఆ హాల్లో ఇంతమంది నొప్పి ఓర్చుకుంటూ కింద కూర్చున్నారన్న సంగతి నా టేపుకు అందలేదు.

పలకరింపులు ముగించుకుని వచ్చిన వదినగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఏమ్మా, ఇది నా మోకాలి కోసం కట్టించుకున్నది. జరగండి కాస్త!"

"మీకే ఉన్నాయా మోకాళ్ళు? మావి ఇనపవా? నేను జరిగితే ఆ కొసావిడ కింద పడుద్ది టీచరమ్మా. రండి, నా ఒళ్ళో కూర్చోండి" అన్నారు హాలున్న ఇంటావిడ.

ఎనిమిది మందీ తలా కాస్త సర్దుకున్నారు. వదినగారు మధ్యలో, భుజాలు రెండు వైపులా నొక్కుకునేంత ఇరుకులో కూర్చున్నారు. వెనక చాప మీది పసిపిల్ల పాకుతూ వచ్చి ఆవిడ వీపు పట్టుకుని నిలబడింది. పాట మొదలైంది. ప్రార్థన వేళకు ఆవిడ రెండు చేతులూ రెండు వైపులవారి చేతుల్లో ఉన్నాయి.

కూటం అయ్యాక చిక్కు వచ్చింది. గుంజ ఒక్కటే. తొమ్మిది మందీ దాన్ని పట్టుకుని లేవాలి. ఒకరు లేవగానే మిగిలినవారు అంచు మీదే ఎడమకు జరుగుతూ, రేషన్ షాపు ముందు వరసలో ఉన్నట్టు తమ వంతు కోసం ఎదురుచూశారు. నవ్వుతో లేవలేక ఒకావిడ మళ్ళీ కూర్చుండిపోయారు. "తోసుకోకండమ్మా, లైన్లో రండి" అని వదినగారు బడి గొంతుతో అదిలిస్తున్నారు. ఆవిడ మాత్రం ముందు లేవలేదు. అందరూ లేచేదాకా ఆగారు.

నేను సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, అంచు రాయి మీద మధ్యన ఒకటి, కుడి కొనన ఒకటి గుర్తు పెట్టి, ఇంకో రెండు గుంజలు తెమ్మని మేస్త్రీకి ఫోన్ చేశాను.