అరగంటలో మెకానిక్ వస్తాడండీ

ఈ రోజు పొద్దున, ఏడుస్తున్న ఒక మనిషి ముందు ట్యాబ్ పట్టుకుని నిలబడి, ఆయన చేత ఐదు స్టార్లు నొక్కించాను. నొక్కిన తర్వాత "థాంక్యూ అండీ" అని కూడా అన్నాను.

గుడివాడలో కరెంటు స్కూటర్లు అమ్మే షోరూమ్‌లో సర్వీసు కౌంటర్ నాది. బాగైన బండి తాళం చెవి చేతికిచ్చే ముందు కస్టమర్ స్టార్లు నొక్కాలి. తెర మీద ఉండే ప్రశ్న ఒక్కటే: మీ బండితో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు? తాళం చెవి నా చేతిలో ఉండగా తక్కువ నొక్కేవాళ్ళు ఎవరు? పైగా మా వైపు మనుషులకు మొహమాటం ఎక్కువ. కూర్చోబెట్టి టీ తెప్పించి, "తక్కువ పడితే నా ఉద్యోగానికి ఇబ్బందండీ" అంటే చాలు, అప్పటిదాకా తిట్టిన మనిషి కూడా "అయ్యో, దానిదేముంది బాబూ" అని ఐదూ నొక్కేసి వెళ్తాడు. ఆ మొహమాటం మీదే ఇన్నాళ్ళూ బతికాను.

రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళను కంపెనీ వేరుగా చూస్తుంది. ఆగిన బండిని వ్యాన్‌లో వేసి తీసుకొస్తే అది షోరూమ్‌కి మచ్చ. మెకానిక్ వెళ్ళి అక్కడికక్కడే స్టార్ట్ చేసేస్తే మచ్చ పడదు. అందుకని బండి ఆగిందని ఎవరు ఫోన్ చేసినా, వాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళిపోకుండా నేను ఒకటే మాట చెప్పేవాణ్ణి. "అక్కడే ఉండండి. అరగంటలో మెకానిక్ వస్తాడండీ."

పొద్దున వచ్చినాయనది బందరు. రోల్డ్‌గోల్డ్ గాజులకు మెరుగు పెడతారు. యాభై దాటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి కాలు సన్నగా ఉండిపోయింది. రెండేళ్ళ కిందట మా దగ్గర స్కూటర్ కొని, వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించుకున్నారు. కొన్న మొదటి ఆదివారమే ఫోన్ చేశారు. "బాబూ, మంగినపూడి వచ్చాను. సముద్రం దగ్గరున్నాను. ఎవర్నీ బతిమాలకుండా నాయంతట నేను రావడం ఇదే మొదలు" అన్నారు. ఫోన్‌లో గాలి హోరు. ఆ తర్వాత ఆయన బండి మీద నవ్వుతున్న ఫోటో పెద్దది చేయించి, కింద ఆయన మాటే రాయించి, గోడకు తగిలించాం: "నాకు కాళ్ళొచ్చాయి."

ఆ బండి మూడుసార్లు ఆగింది. మా మెకానిక్ పెద్దాయన, అందరం బాబాయ్ అంటాం. విప్పి చూసి నన్ను పిలిచి చూపించాడు. బ్యాటరీ వైర్లు కలిసే చోట ఉప్పు పట్టి పచ్చగా చిలుము.

"సముద్రం గాలిరా అబ్బాయ్. గిలకలదిండి, కోడూరు, నాగాయలంక, అటేపు బళ్ళన్నిటికీ ఇదే రోగం. పైన కంపెనీకి రాయి" అన్నాడు. అలాంటి బళ్ళ నంబర్లూ, వాటి వాళ్ళ ఫోన్ నంబర్లూ ఒక చిన్న పుస్తకంలో రాసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

నేను పైకి రాయలేదు. రిజిస్టర్లో మాత్రం మూడుసార్లూ ఒకే ముక్క రాశాను: కస్టమర్ ఛార్జింగ్ చూసుకోలేదు. పొద్దున లేవగానే బండి ఛార్జింగ్ చూసుకోకుండా మొహం కూడా కడుక్కోని మనిషి గురించి అలా రాశాను.

ఆయన ఒక్కసారీ కోప్పడలేదు. "మనకి జొరం రావట్లేదా, దానికీ అంతే" అని నవ్వి ఐదు స్టార్లు నొక్కేవారు. ఆ స్టార్లలో మొహమాటం లేదు. ఆయనకు ఆ బండంటే నిజంగానే ప్రాణం. కొత్తగా కొనడానికి వచ్చినవాళ్ళు "మధ్యలో ఆగదు కదండీ?" అని అడిగితే నేను గోడ మీది ఫోటో చూపించేవాణ్ణి. వాళ్ళు అడిగింది బండి సంగతి. నేను చూపించింది ఒక మనిషి సంతోషం. ఆ రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. తెలిసే చూపించాను.

పోయిన నెలలో ఒక ఉదయం ఆయన ఫోన్ చేశారు. చల్లపల్లి దాటి కొంచెం దూరం వెళ్ళాక కాలవ గట్టు మీద బండి ఆగిపోయిందన్నారు.

"బాబూ, నాగాయలంకలో మా అక్కకి బాలేదు. రమ్మని కబురొచ్చింది. అదిగో బస్సొకటి వస్తా ఉంది. బండి ఇక్కడే పెట్టేసి ఎక్కెయ్యమంటారా?"

"వద్దండీ, బండి వదిలేసి ఎందుకు? అరగంటలో మెకానిక్ వస్తాడండీ" అన్నాను.

బాబాయ్ అప్పుడు ముదినేపల్లిలో, ఇంకో బండి పని మీద ఉన్నాడు. నేనే పంపాను. ముదినేపల్లి ఒక దిక్కు, చల్లపల్లి ఇంకో దిక్కు. అరగంట కాదు, రెండు గంటలకు కూడా రాలేడని నాకు తెలుసు. మధ్యలో ఆయన మళ్ళీ రెండుసార్లు చేశారు. రెండుసార్లూ "దార్లో ఉన్నాడండీ" అన్నాను. బాబాయ్ చేరడానికి మూడు గంటల పైనే పట్టింది. చిలుము గీకి ఐదు నిమిషాల్లో స్టార్ట్ చేశాడు. మచ్చ పడలేదు. నేను రిజిస్టర్లో రాశాను: కస్టమర్ ఛార్జింగ్ చూసుకోలేదు, అక్కడికక్కడే సరిచేశాం.

తర్వాత ఏమైందో నేను అడగలేదు. కొన్నాళ్ళకు ఆయన బండి తెచ్చి మా దగ్గర వదిలారు. ఈ రోజు తీసుకువెళ్ళడానికి వచ్చారు. గడ్డం పెరిగి ఉంది. అలవాటు కొద్దీ టీ తెప్పించాను. "అక్కగారికి ఎలా ఉందండీ?" అని అడిగాను.

"పోయిందండీ. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టేశారు" అన్నారు.

టీ గ్లాసు పట్టుకునే చెప్పారు. అమ్మ పనికి వెళ్తే ఆయన్ని బడికి చంకనేసుకుని తీసుకెళ్ళింది అక్కే. తనకూ అప్పటికి పదకొండేళ్ళే. వాన పడితే తన పలక నెత్తిన పెట్టుకుని, తమ్ముణ్ణి తువ్వాలు కింద దాచేది. పెళ్ళయి నాగాయలంక వెళ్ళేటప్పుడు అందరూ అప్పగింతలకు ఏడిస్తే, ఆవిడ మాత్రం "వీణ్ణి రేపటినుంచి ఎవరు ఎత్తుకుంటారే" అని ఏడ్చిందట. బండి కొన్నప్పటినుంచీ ఆమెది ఒకటే కోరిక.

"'దాని మీద రారా, నువ్వు తోలుకుంటా వస్తుంటే చూస్తాను' అనేది. అందుకే ఆ రోజు బస్సుకి వెళ్ళకుండా బండి తీశాను. ఆఖర్న నోట్లో నీళ్ళు నువ్వే పొయ్యాలిరా అనేది. వాళ్ళు నా కోసం గ్లాసు పట్టుకుని చూశారంట..."

అక్కడ ఆగిపోయారు.

నేను అప్పుడు ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. నిజం చెప్పాల్సింది. కాళ్ళ మీద పడాల్సింది. నేను చేసిందేమిటంటే ట్యాబ్ ముందుకు జరిపాను. ఎందుకు చేశానో ఆలోచిస్తే ఒక్కటే తోస్తోంది. ఆయన మాట్లాడటం ఆగాలి, ఆయన వెళ్ళిపోవాలి.

ఆయన కళ్ళు తుడుచుకుని, "ఐదేనా బాబూ?" అని అడిగారు.

"ఐదేనండీ."

ఆయన వెళ్ళాక బాబాయ్ లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అంతా విన్నాడు.

"ఐదేనా వేయించింది? ఇంకో రెండు పెట్టమనకపోయావా మీ కంపెనీని, చచ్చినోళ్ళ ఇంటికి స్పెషల్ అని" అన్నాడు.

నేను ట్యాబ్ ఆపేసి పక్కన పెట్టాను.

"నేను వెళ్ళేసరికి ఆ మనిషి గట్టు మీద బండిని పట్టుకునే నిలబడి ఉన్నాడురా. కూర్చుంటే మళ్ళీ లేవలేడు. నువ్వు వస్తాడన్నావని మూడు గంటలు నిలబడ్డాడు."

రిజిస్టర్ తీశాను. ఆ నాలుగు చోట్లా నేను రాసింది కొట్టేసి, జరిగింది రాసి సంతకం పెట్టాను. బాబాయ్ జేబులో పుస్తకం అడిగి తీసుకున్నాను. అందులో సముద్రం వైపు బళ్ళు నలభై ఒకటి ఉన్నాయి. వాటన్నిటి సంగతీ, నేను దాచిన సంగతీ, ఈ రోజు వేయించిన స్టార్ల సంగతీ కంపెనీకి మెయిల్ పెట్టాను. ఓనరుగారు చూసి, "మతి పోయిందా నీకు? మన గొయ్యి మనమే తవ్వుకుంటామా?" అని అరిచారు. రేపు నాకు ఆ కుర్చీ ఉంటుందో లేదో తెలియదు. గోడ మీద ఫోటో తీసి, కాగితం చుట్టి, మధ్యాహ్నం బందరు బస్సెక్కాను.

సందులో చివరి ఇల్లు. బండి నీడలో ఉంది, మీద తడిగుడ్డతో తుడిచిన ఆనవాళ్ళు. ఆయన వసారాలో గాజుల కుప్ప ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. గడప దగ్గరే నిలబడి చెప్పేశాను. మెకానిక్ ఆ రోజు ముదినేపల్లిలో ఉన్నాడని, నాకు తెలుసని, తెలిసే అరగంట అన్నానని, ఎందుకన్నానో కూడా.

ఆయన చేతిలోని గాజు కింద పెట్టారు.

"బస్సు ఆగింది బాబూ. కండక్టరు దిగి నా జబ్బ కూడా పట్టుకున్నాడు ఎక్కించడానికి. మెకానిక్ వస్తున్నాడంట, మీరెళ్ళండి అని నేనే పంపేశాను" అన్నారు. కాసేపటికి, "ఆ బస్సు నాగాయలంక చేరేసరికి అక్క ఇంకా ప్రాణంతోనే ఉంది" అన్నారు.

ఫోటో గోడకు ఆనించాను. స్టార్లు కొట్టేయమని కంపెనీకి రాశానన్నాను.

"వాటిని ఏం చేస్తారు, ఉండనివ్వండి. బండి మీద నాకేం కోపం లేదు." బండి వైపు చూసి అడిగారు. "నెల మాసికానికి వెళ్ళాలి. ఇది వెళ్ళుద్దా?"

ఎంతోమంది నన్ను అడిగిన ప్రశ్నే. "చెప్పలేనండీ. వైర్లు కలిసే చోట కొత్త కనెక్టర్ వేశాం. ఉప్పుగాలికి అదీ పోవచ్చు. మధ్యలో ఆగొచ్చు" అన్నాను.

"ఆ ముక్క కొన్న రోజే చెప్పినా నేను కొనేవాణ్ణే. బస్సు ఎప్పుడెక్కాలో తెలిసేది."

లోపలినుంచి ఆయన భార్య తొంగి చూసింది. "టీ పెట్టమంటారా?"

"వద్దు. ఆయన వెళ్తారు" అన్నారు.

బందరు బస్టాండులో గుడివాడ బస్సు కోసం బెంచీ మీద కూర్చుని బాబాయ్ పుస్తకం తెరిచాను. మొదటి నంబరు గిలకలదిండిలో చేపలమ్మే ఆవిడది. ఆవిడా మాకు ఐదు స్టార్లే ఇచ్చింది. ఫోన్ చేశాను.

"ఏం బాబూ, మళ్ళీ ఎన్ని నొక్కాలో చెప్పడానికేనా?" అంది.

"కాదమ్మా. మీ బండి ఎప్పుడన్నా దారిలో ఆగొచ్చు. వైర్లకి ఉప్పు పడుతోంది. ఒకసారి తెస్తే మార్పిస్తాం. ఈలోగా ఆగితే మాత్రం మా మెకానిక్ కోసం చూడొద్దు. బుట్ట దించుకుని ముందు వచ్చిన బస్సో ఆటోనో ఎక్కేయండి. బండి సంగతి తర్వాత."

"అదేంటి, అరగంటలో వస్తాడనేవాళ్ళుగా?"

"రాడమ్మా" అన్నాను.

బస్సు వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని రెండో నంబరు నొక్కాను.