మళ్ళీచెప్పు మాస్టారు

మాస్టారికి లోకంలో ఒక్క విషయం తప్ప అన్నీ గుర్తుంటాయి. ల్యాబులో ఏ గాజుకుప్పె ఎవరు పగలగొట్టారో తేదీతో సహా చెబుతారు. బ్యాక్టీరియా తన ప్రోటీన్లను మన కణంలోకి ఎలా పంపుతుందన్నది మాత్రం ఉదయం చెబితే మధ్యాహ్నానికి మరిచిపోతారు. చిత్రమేమిటంటే ఆ ల్యాబుకు పెద్ద ఆయనే.

దీనికి బలైంది ఆయన శిష్యురాలు. అసలే నలుగురిని చూస్తే నోరు పెగలని మనిషి. కిందటిసారి పరీక్షకుల ముందు "నమస్కారం" దగ్గరే ఆగిపోయింది. నెలలో మళ్ళీ వైవా. ఈసారీ మూగనోము పడితే నాలుగేళ్ళ పరిశోధన గంగలో కలిసినట్టే.

"ఇంతకీ ఆ ప్రోటీన్ లోపలికెలా వెళ్తుందన్నావమ్మా?" లిఫ్టులో అడిగారు.

"నిన్ననే చెప్పాను కద సార్. బ్యాక్టీరియాకి సన్నటి సూదుంటుంది. కణానికి ఆనించి, అందులోంచి నెడుతుంది."

"ఆహా. మళ్ళీ చెప్పు."

మెట్ల మీదా అడిగారు. ఆమె పన్ను పీకించుకుని వచ్చిన రోజూ అడిగారు. దవడ పట్టుకునే చెప్పింది.

తరవాత ఆయన చెవులూ మొరాయించాయి. "నాకు వినపడట్లేదు, ఈవిడకి చెప్పు" అంటూ గాజుసామాను కడిగే అక్కను పిలుచుకొచ్చారు. మర్నాడు వాచ్‌మన్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడు ఏసీ బాగుచేసేవాళ్ళు ముగ్గురు.

"అంత సన్న సూదిలో అది పడుతుందా అమ్మా?" అంది అక్క.

"ఉండలా ఉంటే పట్టదక్కా. మడతలు విప్పుకుని దారంలా దూరుతుంది."

"దూరి?"

"ఇంటివాళ్ళనే మాయచేసి తలుపు తీయిస్తుంది. బ్యాక్టీరియా దర్జాగా లోపలికెళ్తుంది."

వాచ్‌మన్ ముక్కున వేలేసుకున్నాడు.

వైవా రోజు హాలు నిండిపోయింది. పెద్ద పరీక్షకురాలు కళ్ళజోడు సర్దుకుని, "ప్రోటీన్ లోపలికి ఎలా వెళ్తుంది?" అంది. శిష్యురాలికి భయం కన్నా విసుగు ముందొచ్చింది. లిఫ్టులో చెప్పినట్టే ఇరవై నిమిషాలు గడగడా చెప్పి, అలవాటుకొద్దీ, "మళ్ళీ చెప్పనా?" అంది. హాలంతా నవ్వింది.

"వద్దమ్మా, బ్రహ్మాండంగా చెప్పావు. అయినా మా అందరికీ ఈ సూది పాఠం చెప్పింది మీ మాస్టారేగా" అంది పరీక్షకురాలు.

వెనక వరుసలో అక్కకీ వాచ్‌మన్‌కీ మధ్య కూర్చున్న మాస్టారు సీలింగు ఫ్యాన్లు లెక్కపెడుతున్నారు. బయట శిష్యురాలు ఆయన్ని పట్టుకుంది.

"బాగానే చెప్పావుగానీ చివర్లో ఒక ముక్క మింగేశావు" అన్నారు.

"అంత దూరం నుంచి వినపడిందా సార్? అయితే మీ చెవులూ బాగున్నాయి, మీకన్నీ గుర్తే."

"ఏమిటీ? వినపడలేదు. మళ్ళీ చెప్పు."

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి, వినపడీ వినపడనట్టు, "థాంక్స్ సార్" అంది. ఆ ఒక్క మాట మాత్రం ఆయన మళ్ళీ చెప్పమనలేదు.