ఊఁ అనేవాడు

కూలివాళ్ళకు కలిసి పనిచేయడం చేతకాదని పెద్దమనుషులు అంటూంటే నాకు ఒళ్ళు మండుతుంది. బడి గడప తొక్కకుండా అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. పల్లకీ మోసి కాయలు కాసిన భుజం నాది. నా మాట కూడా ఒకటి కాగితం మీద ఉండనివ్వండి.

పల్లకీకి ముందు ఇద్దరం, వెనక ఇద్దరు. వెనకవాళ్ళకు దారి కనిపించదు. ముందువాడు చెప్పాలి, వెనకవాడు ‘ఊఁ’ అనాలి. ఊఁ రాకపోతే మళ్ళీ చెప్పాలి. మా పనంతా ఆ ఒక్క అక్షరం మీద నడిచేది. అందరికంటే ముందు నేను. వెనక మా మేనత్త కొడుకు.

“రాయి!”

“ఊఁ. ఎంతుంటాదేటి?”

“నీ బుర్రంత.”

“అయితే దాటలేం బావా, సుట్టూ తిరిగి పోదాం.”

నలుగురం నవ్వేవాళ్ళం. ఇసక దారిలోనూ బరువు తెలిసేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం, కడుపునిండా తిన్న ఒక భూస్వామిని మందస నుంచి ఉద్దానం తోటల మీదుగా మోసుకెళ్తున్నాం. లోపలినుంచి అరిచాడు.

“ఏమిటా గోల? నిద్రపోనివ్వరా? ఇక నోరెత్తారంటే రేపటినుంచి వేరే బోయీలు మోస్తారు!”

నోళ్ళు మూసుకున్నాం. కొంతదూరం పోయాక, కొబ్బరిమొక్క కోసం తవ్వి వదిలేసిన గుంత. మీద ఎండుటాకులు. నేను చూశాను. గొంతు దాకా వచ్చిన మాట మింగి, పక్కకు జరిగి దాటేశాను. వెనకనుంచి కేక. పల్లకీ ఒరిగింది. భూస్వామికి మోచెయ్యి గీరుకుంది. మా బావకు మడమ విరిగింది.

“మీలో మీకే పొత్తు లేదు!” అని తిట్టాడు. నోళ్ళు కుట్టినవాడే ఆ మాటన్నాడు!

బావ మళ్ళీ పల్లకీ బొంగు భుజానికెత్తలేదు. ఇంట్లో కూర్చుని కొబ్బరిపీచు తాళ్ళు పేనేవాడు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“నోరెత్తొద్దన్నాడు కదా బావా, నన్నేటి సెయ్యమంటావు?”

తాడు మీదనుంచి తలెత్తలేదు.

“నోరెత్తొద్దన్నాడు. బొంగు మీద సేత్తో కొట్టొద్దన్నాడేటి? ఒక్క దెబ్బ కొట్టుంటే ఆగిపోదును.”

ఆ తరవాత నాతో మాట్లాడలేదు. ఆ భూస్వామి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. అయినా బొంగు మీద ఉన్న చెయ్యి నాదే.

కొత్తగా చేరినవాళ్ళకు ముందు అదే నేర్పాను: మాట్లాడొద్దన్న రోజున బొంగు మీద రెండు దెబ్బలు. మా జట్టులో మళ్ళీ ఎవడూ పడలేదు. నేను ‘రాయి’ అంటే వెనకనుంచి ‘ఊఁ’ వచ్చేది.

ఎంతుంటాదని మాత్రం ఎవరూ అడగలేదు.