పెద్దమ్మ దర్బారు

న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ రిటైరైన చరిత్ర టీచరు. ఎవరి పేరెత్తినా కళ్లద్దాలు నెత్తిమీదికి నెట్టి, “ఎవరి తాలూకు?” అనేది. నాలుగువందల ఏళ్లనాటి ఇంగ్లండు దొరసానులు తమ్ముళ్లనీ మరుదులనీ రాజుగారి కొలువులో ఎలా కుదిర్చారో టీ తాగుతూ చెప్పేది.

“పాపం, టాలెంట్ లేనివాళ్లు! నేనైతే సొంత తెలివితో వచ్చాను,” అన్నానొకసారి.

“నీకీ ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారు?”

“మా పెద్దమ్మ ఆడపడుచు అల్లుడు.”

కళ్లద్దాలు నెత్తికెక్కాయి. ఆనాటినుంచి మా పెద్దమ్మ కూడా ఆ దొరసానుల్లాగే ఆవిడకి ‘డచెస్’.

ఆ చలికాలం కొత్త మేనేజరొచ్చి నా కాంట్రాక్టు ఆపేశాడు. ఆవిడ టీ అందిస్తూ మెల్లగా అడిగింది: “డచెస్‌కి వాట్సాప్ చేశావా?”

అప్పటికే చేసేశాను. “ఆ మేనేజరు ఎవరి తాలూకురా?” అని పెద్దమ్మ ఆరా కూడా మొదలుపెట్టింది.