‘నా గురించి’ పేజీలో రాసిన అబద్ధం

నాకు హార్మోనియం నేర్పింది మా వదినగారు. ఎవరూ నేర్పలేదని యాభై ఐదేళ్ళుగా చెబుతున్నాను. ఆవిడ కట్టిన నాలుగు బాణీలు నావేనని చెప్పుకున్నాను. మొన్నటికి మొన్న వెబ్‌సైట్ పెట్టి మరీ ఆ అబద్ధాన్ని లోకానికి చూపించాను.

ఇదీ నేను చేసింది. ముందే చెప్పేశాను, ఎందుకంటే తర్వాత చెబుదామనుకుంటే చెప్పను. నా సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ని. తర్వాత చదివిందంతా సొంత చదువే. ఛందస్సు సొంతం, ఇంగ్లీషు సొంతం, డెబ్బై దాటాక ఈ వెబ్‌సైట్ కూడా సొంతమే. పది నిమిషాల్లో అయిపోతుందని వీడియోలో కుర్రాడు చెబుతాడు. పది నిమిషాలట! నాకు ఇరవై రోజులు పట్టింది. వాళ్ళిచ్చే నమూనా పేజీ నిండా గిటారు పట్టుకున్న ఎవడో దొరబాబు. వాణ్ని తీసి నా హార్మోనియం ఫొటో పెట్టేసరికి రెండు రోజులు. పాటలు ఫోన్లోనే రికార్డు చేశాను. భీమవరం పక్కన మా ఊళ్ళో ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల చెరువులే. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరు పాటలో పడకుండా కిటికీలకి దుప్పట్లు కట్టుకుని, చెమటలు కక్కుతూ ఏడు పాటలు వాయించాను.

అన్నీ ఎక్కించాక ‘నా గురించి’ అనే పేజీ ఖాళీగా మిగిలింది. ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. ‘గురువంటూ ఎవరూ లేకుండా, రేడియో విని, స్వయంకృషితో హార్మోనియం సాధించిన’ అని వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. అబద్ధం అంతగా అలవాటైపోయింది.

మా వదినగారిది ఆత్రేయపురం. మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆవిడకి పంతొమ్మిది, నాకు పద్నాలుగు. సారెతో పాటు ఒక హార్మోనియం తెచ్చుకున్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు వాయించడమన్నది అప్పటికి లేదు. ఆ పెట్టె గాదె గదిలో గోనె కప్పుకుని ఉండేది. మధ్యాహ్నాలు మగవాళ్ళు చేలో ఉండగా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా వేళ్ళ మీద తన వేళ్ళుంచి మెట్లు నొక్కించేవారు. అలా రెండేళ్ళు. తను కట్టిన బాణీ వినిపించి బాగుందా అని అడిగేవారు. ఆవిడని ఆ మాట అడగనిచ్చిన మనిషిని ఆ ఇంట్లో నేనొక్కణ్నే.

ఒక శ్రీరామనవమికి భజన సమాజం వాళ్ళు మా ఇంటికొచ్చారు. వాళ్ళ హార్మోనిస్టు జ్వరమొచ్చి రాలేదు. నేను లోపలికెళ్ళి పెట్టె తెచ్చి వాయించాను. మా నాన్నగారు పొంగిపోయారు.

“ఏరా, ఎవరు నేర్పార్రా నీకిది?”

“ఎవరూ నేర్పలేదండి. రేడియో విని నేనే పట్టానండి.”

“విన్నారా! మావాడికి గురువే అక్కర్లేదంట! మీ హార్మోనిస్టు గారిని ఇంకో నెల పడుకోమనండి!”

అందరూ నవ్వారు. వదినగారు పానకం గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకే ముందు ఇచ్చారు. అది నాకు బాగా గుర్తు.

మర్నాడు నాన్నగారు ఆ పెట్టెని నా కోసం భజన మందిరానికి పంపించేశారు. అది మళ్ళీ ఆవిడ చేతికి రాలేదు. ఆవిడ అడగలేదు. నేను ఇవ్వలేదు.

తిట్లు పడకుండా ఆవిడని కాపాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? నాన్నగారు అప్పుడు నవ్వుతూ ఉన్నారు. ఆ నవ్వు మీద ‘వదిన నేర్పారండి’ అని ఉంటే తిట్టేవారో, ‘ఏదమ్మా, ఒకటి వాయించు’ అనేవారో నాకు తెలియదు. తెలిసే దారే నేను మూసేశాను. కాపాడింది ఆవిడని కాదు. ఆ మెప్పుని.

ఆ తర్వాత ఆ అబద్ధాన్నే కర్రలా పట్టుకుని ఊరేగాను. గురుముఖంగా నేర్వనివాడికి వేదికేమిటని రాజమండ్రిలో ఒక సభలో నన్ను దింపేస్తే మండిపడ్డాను. వాళ్ళ మీద ఇప్పటికీ కోపమే. నేర్పినవాళ్ళ పేరు చూసి పాట వినేవాడు పాటేం వింటాడు? కానీ అంత కోపంలోనూ ఆవిడ పేరు నా నోటికి రాలేదు. ఎవడో నా బాణీ ఎత్తుకుపోయాడని పెనుగొండ దాకా వెళ్ళి, నలుగురిలో నిలబెట్టి దొంగా అని తిట్టొచ్చాను. ఆ బాణీ వదినగారిది. తిడుతున్నప్పుడు అది గుర్తులేదా? ఉంది. ఉండే తిట్టాను.

వెబ్‌సైట్ లింకు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ దండాలు, చప్పట్లు. అన్నయ్య పోయాక వదినగారు ధవళేశ్వరంలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ అమ్మాయి రాసింది: “బాబాయ్, మూడో పాట భలే ఉందండి! అమ్మ వంట చేస్తూ ఇదే కూనిరాగం తీస్తుంది!”

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఇంకేముంటుంది? నేనేం రాశానో తెలుసా? “అవునమ్మా, నేను వాయిస్తుంటే వినీ వినీ మీ అమ్మకి వచ్చేసి ఉంటుంది.”

మొదటి అబద్ధానికి నాకు పదహారేళ్ళు. దీనికి డెబ్బై ఒకటి. వదినగారు దాన్ని చదివినట్టు ఫోన్లో కనిపించింది.

పదకొండు రోజులు పాటల జోలికి పోలేదు. పన్నెండో రోజు కూర్చుని, ‘నా గురించి’లో ఉన్నదంతా చెరిపేసి, ఎవరు నేర్పారో, ఆ నాలుగు బాణీలు ఎవరివో పేరుతో సహా రాశాను. గ్రూపులో మాత్రం చెప్పలేదు. ఎవరూ రెండోసారి తెరిచి చూడరని తెలుసు. అంటే అదీ సగం ధైర్యమే. వదినగారికొక్కరికే మాటలు రికార్డు చేసి పంపాను. ఆ రోజు మీరు గుమ్మంలో ఉన్నారని తెలిసే ‘ఎవరూ నేర్పలేదు’ అన్నాను అని చెప్పాను. క్షమించమనలేదు. అడిగే మొహం నాకు లేదు. చెప్పాక మాత్రం, ఎన్నాళ్ళకో, ఊపిరి కిందిదాకా దిగింది. అంతే.

నాలుగు రోజులకి ఆవిడ గొంతు వచ్చింది:

“విన్నానండి మరిదిగారూ. ఆ మూడో పాటలో గాలి తిత్తి మరీ గుంజేశారు, అది నేను నేర్పింది కాదు. నా పేరు పెట్టారు, చూశాను. అక్కడ పెడితే ఎవరు చూస్తారండీ? మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పండి, నాకు హార్మోనియం వచ్చునని. నేను చెబితే నమ్మదు.”