సగం పేరు

ఆదోని ఖబరస్తాన్‌లో పీనుగులకు స్నానం చేయించే చాంద్ బాషాకు ఊళ్లో రెండు పేర్లుండేవి. ఎదురుపడితే చాంద్ భాయి. వెనకాల ‘ఆఖరి నీళ్ల బాషా’. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు గానీ పెళ్లికొడుకు పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. దానికాయన నొచ్చుకునేవాడూ కాదు. ‘ఎంత దూరం జరిగినా ఒకనాటికి నా చేతికి రావాల్సినోళ్లే గదా’ అని నవ్వేవాడు. బిడ్డలు లేరు. భార్య అజీమున్నీసా, ఖబరస్తాన్ గోడ పక్కన ఒక గది, దాని ముందు బావి, అదీ ఆయన సంసారం.

ఆ నవ్వు పోయింది పందొమ్మిది వందల యాభైమూడు ఎండాకాలంలో. ఆ ఏడు ఊళ్లో వాంతిభేది పడింది. ఒక మిట్టమధ్యాహ్నం, పత్తి మిల్లులో మూటలు మోసే నలుగురు తమతో పనిచేసేవాణ్ణి తలుపుచెక్క మీద మోసుకొచ్చారు.

“పేరేందప్పా?” అని అడిగాడు చాంద్ బాషా.

“హుస్సేను. యా ఊరోడో తెల్దు. పనికొచ్చి నెల గూడా కాలే. మీవాడే గదా, నువ్వే సూడు,” అని చెక్క దించి గోడవతలికి పోయి నిలబడ్డారు.

ఆయన చుట్టూ గుడ్డ కట్టి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. రెండో చెంబుకే చెయ్యి ఆగిపోయింది. సున్తీ లేదు. ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు. పీర్లకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలకు హిందువులు హుస్సేనప్ప, ఫక్కీరప్ప అని పేర్లు పెట్టుకోవడం ఆ పడమటి ఊళ్లలో మామూలే. చివర అప్ప ఉంటే అటువాడు, లేకుంటే ఇటువాడు. మూటలు మోసేచోట అంత పొడుగు పేరు పిలిచే తీరిక ఎవరికుంటుంది? అప్పను కోసేసి హుస్సేనును చేశారు, పుణ్యాత్ములు.

బయటికొచ్చి చెబుదామని లేచాడు. చెబితే ఏమవుతుంది? అసలే వాంతిభేది పీనుగ. మావాడు కాదని మసీదువాళ్లంటారు. ఖబరస్తాన్ దాకా పోయినవాణ్ణి మేమెట్లా ముట్టుకుంటామని హిందువులంటారు. దిక్కులేని పిల్లగాడు సాయంత్రం దాకా ఎండలో పడి ఉంటాడు. చాంద్ బాషా మళ్లీ కూర్చున్నాడు. మిగతా నీళ్లు పోసి, కఫన్ గుడ్డ చుట్టి, నమాజు చదివి, మట్టి చేశాడు. ఎవరికీ చెప్పలేదు, అజీమున్నీసాకు కూడా.

నలభై రోజులు తిరగకముందే మొదలైంది. పట్టపగలు బావిలోంచి చేద లాగుతుంటే, అడుగు నుంచి ఎవరో “అప్పా” అన్నారు. తాడు చేతిలోంచి జారిపోయింది. చుట్టూ ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ సీమలో అప్పా అంటే తండ్రినైనా పిలవొచ్చు, దారిన పోయేవాణ్ణయినా పిలవొచ్చు. తననే పిలుస్తున్నారనుకున్నాడు. అప్పటి నుంచి ఎవరికి స్నానం చేయించినా మూడో చెంబుకు ఆ మాట వినిపించేది. కోపంగా కాదు. ఏదో మర్చిపోయి తిరిగొచ్చినవాడు వాకిట్లో నిలబడి పిలిచినట్టు.

దండకు తావీదు కట్టించుకున్నాడు. దర్గాలో దీపం పెట్టాడు. పిలుపు ఆగలేదు. తిండి సయించక మనిషి సగమయ్యాడు. భయం ఒక్కటే అయితే ఊరు విడిచి పోయేవాడే. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పుకోవడానికి సిగ్గు. నలభై ఐదేళ్లొచ్చినా ఆయన గడపలో ఆ మాట ఎన్నడూ వినపడలేదు. అందుకే ఒక్కోసారి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, “ఆఁ” అని పలికేవాడు.

మూడో ఏడు ఇక తట్టుకోలేక, పత్తి తెచ్చే బండ్ల దగ్గరికి పోయి కనిపించినవాణ్ణల్లా అడిగాడు, ఎడమ చేతి మీద తేలు బొమ్మ ఉన్నవాడు తెలుసా అని. హాలహర్వి దిక్కు నుంచి వచ్చే లక్ష్మప్ప చర్నాకోల కింద పెట్టాడు.

“ఉరుకుందమ్మ కొడుకు గదప్పా, మా ఊరోడే. ముసల్ది ఇంకా వాకిట్లోనే కూసోనుంటాది. యాడున్నాడు వాడు?”

చాంద్ బాషా అతని బండెక్కాడు. దారి పొడుగునా ఒకటే గుబులు. తవ్వి తీసిమ్మంటే ఏం చేయాలి? ఊరు ఊరంతా కట్టెలు పట్టుకుని ఆదోనికి వస్తే?

ఉరుకుందమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆయన నిలబడే అంతా చెప్పేశాడు, తను దాచిన సంగతితో సహా. చేట ఆగింది.

“మూడేండ్లు. దినామూ వానికని సంగటి ముద్ద ఎత్తి పెడ్తాండా. నీకు నోరు రాకపాయనా?”

“తప్పయిపోయిందమ్మా.”

“ముగ్గురు పురిట్లోనే పోతే పీర్ల సావిట్లో కొంగు పర్సి అడిగితే పుట్టినోడు వాడు. పీరయ్య ఇచ్చినాడు, ఆయనోళ్ల కాడ పండుకున్నాడు. దానికి నేనేమీ అనను. మేమూ మన్నులోనే పెడ్తాము.” ఆమె కళ్లెత్తింది. “దింపుడుకల్లం కాడ వాని సెవులో ఎవురు పిలిసినారు? ఏమని పిలిసినారు?”

పాడెను దారిలో దించి, ప్రాణం తిరిగొస్తుందేమోనని అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. చాంద్ బాషా తల దించుకున్నాడు.

“మాలో అది లేదమ్మా. హుస్సేను అని సెప్పినారు, అంతే.”

“హుస్సేనా? అప్ప యాడికి పాయె? సగం పేరుతో పంపిస్తిరే నా కొడుకును!”

అప్పుడు అర్థమైంది చాంద్ బాషాకు. వాడు పిలిచింది తనను కాదు. ఈ మూడేళ్లూ వాడు తన పేరులో పోయిన సగాన్ని అడుగుతున్నాడు.

మర్నాడు ఆమె అదే బండిలో ఆదోనికి వచ్చింది. ఆడమనిషి ఖబరస్తాన్ లోపలికి రాకూడదని పెద్దలిద్దరు గొణిగారు. ఎన్నడూ ఎదురు చెప్పని చాంద్ బాషా “కన్నతల్లి, రానీయండి,” అని తలుపు తీశాడు. గోరీ చూపించి పక్కకు తప్పుకున్నాడు. ఆమె మట్టి మీదికి వంగి, కొడుకు చెవి ఉండే చోట నోరు పెట్టింది.

“ఒరే హుస్సేనప్పా. హుస్సేనప్పా. నాయనా, హుస్సేనప్పా.”

కొంగులోంచి సంగటి ముద్ద తీసి అక్కడ పెట్టింది.

ఆమె కాళ్లు కడుక్కోవడానికి చాంద్ బాషా బావిలో చేద దించాడు. పైకి వచ్చేదాకా చెవులు రిక్కించి విన్నాడు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. కానీ ఇంట్లోంచి ఒక మనిషి లేచిపోయినట్టయింది. చేద పట్టుకునే ఏడ్చాడు.

ఉరుకుందమ్మ అది చూసింది. బండెక్కబోతూ వెనక్కి తిరిగింది.

“వానికి నాయన ల్యాకపాయె. ఆకరి నీళ్లు నువ్వే పోస్తివి. వాన్ని సూస్కో, సాందప్పా.”

“ఆఁ,” అన్నాడు చాంద్ బాషా. చుట్టూ జనం ఉన్నారు. అయినా ఈసారి సిగ్గు పడలేదు.