టైలర్ భాయ్ కాలు, గూడూరు కప్పు

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు పుట్టుకతోనే లేదు. ఆట చూసేటప్పుడైతే మరీనూ. అరవయ్యవ దశకం మొదట్లో, వాకాడు దగ్గర సముద్రపు వారనున్న మా ఊళ్ళో బాల్ బ్యాడ్మింటన్ జరుగుతుంటే, కోర్టు చుట్టూ నేను తిరిగిన తిరుగుడు గానుగెద్దు కూడా తిరిగి ఉండదు. మా ఊరి జంట అలాంటిది మరి! వెనక మా మేనబావ, నాలుగు మడులు వరి పండించుకునే రైతు. ముందు, నెట్ దగ్గర, టైలర్ భాయ్. ఆడుతున్నంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్ళు కాదు. బావ అడుగు కదిపితే చాలు, భాయ్ వెనక్కి చూడకుండానే పక్కకు జరిగేవాడు. పసుపుపచ్చ ఊలు బంతి ఆ ఖాళీలోంచి రివ్వున పోయేది.

ఆ ఏడు గూడూరు పోటీల్లో మావాళ్ళు ఫైనలుకు వచ్చారు. వచ్చారు కానీ, సెమీఫైనల్లో ఎగిరి దిగుతూ భాయ్ కుడికాలు మడత పెట్టుకున్నాడు. చీలమండ బూరెలా పొంగింది. కట్టు కట్టే ఆయన వేళ్ళతో నొక్కి చూసి, "ఎముక బాగానే ఉంది. నరం బెణికింది. నెల దాకా బరువు మోపొద్దు. ఇంకోసారి మడత పడిందంటే మిషను తొక్కడం మర్చిపో" అన్నాడు. ఫైనలు వచ్చే ఆదివారమే.

ఇక మాకు నిద్రలేదు, తిండిలేదు. మిల్లులో బస్తాలు తూచాల్సిన వాణ్ణి, కాలుగాలిన పిల్లిలా పూటకు నాలుగుసార్లు భాయ్ అరుగు మీద తేలేవాణ్ణి. నాలాగే ఆట పిచ్చి ఉన్న మా ఊరి కిళ్ళీ కొట్టాయన నాకంటే ముందే అక్కడ ఉండేవాడు. భాయ్ భార్య తలుపు చాటు నుంచే మమ్మల్ని కడిగేసింది.

"మీకేం అన్నా! చప్పట్లు కొట్టి పోతారు. రేపు మిషను తొక్కేది మీరా?"

మా బావ కూడా ఆమె పక్షమే. "నెల ఆగమంటే ఆగాల. కప్పు యాడికి పోతాది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పోతాది బావా, గూడూరోళ్ళ ఇంటికి పోతాది!" అన్నాను. భాయ్ మాత్రం కట్టు మీద చెయ్యి పెట్టుకుని, "ఆడతా" అన్నాడు. ఆ ఒక్క మాటకు మేం ఎగిరి గంతేశాం. లోపల గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడు అందరికీ వినబడింది.

ముందురోజు బస్సుకే గూడూరు చేరాం. ఫైనలు రోజు పొద్దున్నే కిళ్ళీ కొట్టాయనకు ఓ ఆలోచన వచ్చింది. మా ఊళ్ళో కోర్టు ఇసుక నేల. ఆటకు ముందు కావిళ్ళతో నీళ్ళు తెచ్చి తడపాల్సిందే. తడిపితే ఇసుక గట్టిపడి, కాలికి మెత్తగా, పట్టుగా ఉంటుంది. "ఇది కూడా మన నేల మాదిరి చేసేస్తే భాయ్ కాలికి సుఖం గదబ్బయ్యా!" అన్నాడు. ఆహా, ఏం బుర్ర అనుకున్నాం. బావి దగ్గర బిందెలు పట్టుకుని అందరం దిగాం. కాపలా ఉన్నతను మమ్మల్ని పోటీలవాళ్ళు పెట్టిన మనుషులనుకుని ఊరుకున్నాడు. గూడూరు మైదానం బంకమట్టి అని మాకెవరికీ తోచలేదు. సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళం, నేలంటే మాకు ఇసుకే.

ఎండకు పైన పెచ్చు కట్టింది. ఆట మొదలయ్యేటప్పటికి నేల శుభ్రంగా, నున్నగా కనబడింది. మొదటి గేమ్ మాది, రెండోది వాళ్ళది. మూడో గేమ్ వచ్చేసరికి పెచ్చు పగిలి కింది జిగట పైకొచ్చింది. వాళ్ళకు ఆ మట్టి అలవాటే. మావాళ్ళు ఉత్త కాళ్ళతో జారుతూ, తమాయించుకుంటూ ఆడారు. అయినా పాయింట్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాదే. పక్కనెవరిదో భుజం దొరికితే దాన్ని గుంజుతూ నిలబడ్డాను.

అప్పుడు భాయ్ కుడికాలు జర్రున జారింది. మోకాలి మీద పడ్డాడు. నెట్ గుంజ పట్టుకుని లేచి, నవ్వు తెచ్చుకుని, "వెయ్యి" అన్నాడు బావతో. సర్వీసు బావదే. బావ బంతి పట్టుకుని ఆ కాలి వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అంపైర్ దగ్గరికి నడిచి బంతి ఆయన చేతిలో పెట్టాడు.

"మేం తప్పుకుంటన్నాం."

చేతికందిన కూడు నోటికందలేదు! నేను కోర్టులోకి ఉరికి బావ చొక్కా పట్టుకున్నాను. "నీకు బుద్ధుందా? ఒక్క పాయింటు గదా బావా!" కిళ్ళీ కొట్టాయన తువ్వాలు విసిరికొట్టి బూతులు అందుకున్నాడు. భాయ్ అయితే కళ్ళనీళ్ళతో అరిచాడు. "ఎందుకిచ్చేసినావు? ఆపమని నేను అడిగినానా?"

"నువ్వు అడగవు. అందుకే ఇచ్చేసినా" అన్నాడు బావ.

తిరుగు బస్సులో బావకు ఎవరూ సీటివ్వలేదు. వెనక కమ్మీ పట్టుకుని ఊరొచ్చేదాకా నిలబడే వచ్చాడు. భాయ్ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నేను లేస్తూ, కూర్చుంటూ, బావ మీద పళ్ళు నూరుతూనే ఉన్నాను. నీళ్ళ మాట మాత్రం ఎవ్వరం ఎత్తలేదు.

ఊళ్ళో దిగేసరికి దీపాలు పెడుతున్నారు. భాయ్‌కి చెరో భుజం ఆసరా ఇచ్చి నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాం. ఎప్పుడూ తలుపు దాటని ఆయన భార్య వీధిలోకే వచ్చేసింది. గెలిచారా అని అడగలేదు. కింద కూర్చుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, "వేళ్ళాడించు" అంది. భాయ్ పళ్ళ బిగువున ఆడించాడు. అన్ని వేళ్ళూ కదిలాయి.

కిళ్ళీ కొట్టాయన ఆగలేకపోయాడు. "ఒక్క పాయింటక్కా! గెలిచే ఆటను ఆపేసినాడు!"

"ఎవరు?" అంది ఆమె తలెత్తి.

దొంగను చూపించినట్టు నేనే బావ వైపు వేలు చూపించాను. అతను దూరంగా, వీధి అవతల నిలబడి ఉన్నాడు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, అతని వైపు తిరిగింది.

"కాళ్ళు కడుక్కో అన్నా. అన్నం తిందువుగాని రా" అంది.

బావ తలొంచుకుని మా మధ్యలోంచి లోపలికి వెళ్ళాడు. మేం భాయ్‌ని మంచం మీద పడుకోబెట్టి, మమ్మల్నీ రమ్మంటుందేమోనని కాసేపు గడప దగ్గర తచ్చాడాం.

"ఇంక మీరు పోండన్నా" అని ఆమె తలుపేసుకుంది.